రాజు పేరుతో అడవి పుట్టగొడుగు: స్వీడిష్ ‘కార్ల్‌యూహాన్’ పదచరిత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం:
స్వీడన్ అడవుల్లో పెరిగే ఒక పుట్టగొడుగును అక్కడి ప్రజలు ‘కార్ల్‌యూహాన్స్‌స్వాంప్’ అని, క్లుప్తంగా ‘కార్ల్‌యూహాన్’ అని పిలుస్తారు. 1818 నుండి 1844 వరకు స్వీడన్‌ను పాలించిన పద్నాలుగవ కార్ల్ యూహాన్ రాజు పేరు మీదుగా ఏర్పడిన పదమిది. ఈ పుట్టగొడుగును ఆ రాజే దేశానికి పరిచయం చేశాడనే ఐతిహ్యం ప్రచారంలో ఉంది. అయితే పదనిర్మాణం, అంతకుముందున్న దేశ్యనామం, శిలీంధ్రశాస్త్రం, పొరుగుభాషల వ్యవహారం అనే నాలుగు ఆధారాలు ఆ ఐతిహ్యాన్ని యథాతథంగా సమర్థించవు. ఈ పదం ఒక పుట్టగొడుగు రాకకు కాక, ఒక ఆహారపదార్థం సామాజిక స్థాయి మారడానికి సాక్ష్యమని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పదచరిత్ర, వ్యక్తినామమూలక పదాలు, స్వీడిష్ భాష, పుట్టగొడుగులు, అర్థవిపరిణామం, ఐతిహ్యం.

1. ఉపోద్ఘాతం:
ఒక వస్తువుకు పేరు పెట్టేటప్పుడు భాషాసమాజం సాధారణంగా దాని ఆకారాన్నో, అది దొరికే చోటునో, దాని గుణాన్నో ఆధారం చేసుకుంటుంది. తెలుగులో ‘పుట్టగొడుగు’ అన్న సమాసమే ఇందుకు చక్కని ఉదాహరణ. ‘పుట్ట’ అది మొలిచే చోటును, ‘గొడుగు’ దాని ఆకారాన్ని చెబుతాయి. సంస్కృతంలోని ‘ఛత్రాకం’ కూడా ఆకారాన్ని ఆశ్రయించిన పేరే. ఇలాంటి పదాల వ్యుత్పత్తిని తెలుసుకోవడానికి చరిత్ర గ్రంథాలతో పనిలేదు. వస్తువును చూస్తే పేరు అర్థమవుతుంది.

వ్యక్తుల పేర్ల నుండి పుట్టిన పదాల స్థితి వేరు. వాటిలో వస్తువుకూ పేరుకూ సహజ సంబంధం ఉండదు. ఆ సంబంధాన్ని కల్పించినది చరిత్ర. కాబట్టి అలాంటి పదం ఎదురైనప్పుడు, ‘ఈ పేరు ఎందుకు వచ్చింది?’ అన్న ప్రశ్నకు సమాధానంగా ఒక కథ పుట్టుకొస్తుంది. ఆ కథలో ఎంత చరిత్ర ఉంది, ఎంత కల్పన ఉంది అన్నది పరిశోధకుడు తేల్చవలసిన విషయం. స్వీడిష్ భాషలోని ‘కార్ల్‌యూహాన్’ పదం ఈ రకమైన పరిశీలనకు అనువైనది. ఈ పేరు గల పుట్టగొడుగు శాస్త్రీయనామం ‘బోలీటస్ ఎడ్యులిస్’. 1782లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పియర్ బులియార్ ఈ నామకరణం చేశాడు. లాటిన్‌లో ‘ఎడ్యులిస్’ అంటే తినదగినది అని అర్థం.

2. పదనిర్మాణం:
‘కార్ల్‌యూహాన్స్‌స్వాంప్’ అన్నది షష్ఠీ తత్పురుష సమాసం వంటిది. ‘కార్ల్ యూహాన్’ అన్న వ్యక్తినామం, సంబంధార్థాన్ని సూచించే ‘స్’, ‘పుట్టగొడుగు’ అనే అర్థమున్న ‘స్వాంప్’ ఇందులోని భాగాలు. సంబంధార్థక సకారం, ‘స్వాంప్’లోని ఆది సకారం పక్కపక్కనే రావడం వల్ల ఈ పదాన్ని రెండు సకారాలతోనూ, ఒకే సకారంతోనూ రాయడం కనిపిస్తుంది. వాడుకలో ఉత్తరపదం లోపించి ‘కార్ల్‌యూహాన్’ మాత్రమే మిగిలింది. స్వీడిష్ లిపిలో దీన్ని చిన్న అక్షరంతో మొదలుపెట్టి, రెండు పేర్లనూ కలిపి ఒకే మాటగా రాస్తారు. అంటే వ్యక్తివాచకం పూర్తిగా జాతివాచకమైపోయింది. బనగానపల్లె అనే ఊరిపేరు తెలుగునాట ఒక మామిడిరకానికి పేరుగా స్థిరపడడం ఈ ప్రక్రియకు దగ్గరి పోలిక.

ఇందులోని ‘స్వాంప్’ ప్రాచీన జర్మానిక్ పదం. నేటి స్వీడిష్‌లో దీనికి ‘పుట్టగొడుగు’, ‘స్పాంజి’ అని రెండు అర్థాలున్నాయి. క్రీ.శ. 4వ శతాబ్దినాటి గోథిక్ బైబిలు అనువాదంలో దీని సజాతీయపదం ‘స్వామ్స్’ స్పాంజి అర్థంలో కనిపిస్తుంది. ఆ అనువాదానికి చెందిన ప్రసిద్ధ వెండి అక్షరాల రాతప్రతి నేడు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే ఉంది. మెత్తగా, రంధ్రాలతో, నీటిని పీల్చే స్వభావం గల వస్తువు అన్న భావం ఈ రెండు అర్థాలనూ కలుపుతుంది. బోలీటస్ జాతి పుట్టగొడుగుల టోపీ అడుగున పొరలకు బదులు స్పాంజిని పోలిన సన్నని గొట్టాలు ఉంటాయి. అందువల్ల ‘స్వాంప్’లోని రెండు అర్థాలూ ఈ పుట్టగొడుగులో ఒకచోట కలిసినట్లుంటాయి.

సమాసంలోని పూర్వపదం కాలనిర్ణయానికి ఉపకరిస్తుంది. ఈ రాజుకు ‘కార్ల్ యూహాన్’ అన్న పేరు పుట్టుకతో వచ్చింది కాదు. 1810లో స్వీడన్ యువరాజుగా దత్తత పొందినప్పుడు స్వీకరించిన పేరది. కాబట్టి ఈ సమాసానికి పూర్వావధి 1810. అంతకుముందు ఈ పదం ఏర్పడే అవకాశం లేదు. పదం 1810కి ముందు లేదు సరే, పుట్టగొడుగు మాటేమిటన్నది తరువాతి ప్రశ్న.

3. పాతపేరు – ‘స్టేన్‌సొప్’:
ఈ పుట్టగొడుగుకు స్వీడిష్‌లో ‘స్టేన్‌సొప్’ అనే మరొక పేరుంది. ‘స్టేన్’ అంటే రాయి. ‘సొప్’ అన్నది ప్రాచీన నార్స్ భాషలో ‘బంతి’ అనే అర్థంలో కనిపించే పదానికి సంబంధించినది. భాషాశాస్త్రజ్ఞులు ‘సొప్’, ‘స్వాంప్’ పదాలను ఒకే జర్మానిక్ మూలానికి చేరుస్తారు. నార్వేజియన్‌లో ‘సొప్’ నేటికీ పుట్టగొడుగులన్నింటికీ సామాన్యవాచకం. స్వీడిష్‌లో ఆ స్థానాన్ని ‘స్వాంప్’ ఆక్రమించడంతో ‘సొప్’ గొట్టాలున్న పుట్టగొడుగులకే పరిమితమైంది. ఇది అర్థసంకోచానికి ఉదాహరణ.

లేతదశలో ఈ పుట్టగొడుగు కండ గట్టిగా ఉండడం వల్ల ‘రాతి సొప్’ అన్న పేరు వచ్చిందని సాధారణంగా వివరిస్తారు. జర్మన్‌లోని ‘ష్టైన్‌పిల్ట్స్’, నార్వేజియన్‌లోని ‘స్టేయ్న్‌సొప్’ సరిగ్గా ఇదే అర్థాన్నిస్తాయి. మూడు జర్మానిక్ భాషల్లో ఒకే భావనతో పేరుండడం గమనార్హం. రాజు పేరు వేరుగా, ఈ పేరు వేరుగా నిలిచి ఉండడాన్ని బట్టి ఈ పుట్టగొడుగును గుర్తించి, వేరుచేసి, పేరుపెట్టడానికి నార్డిక్ భాషలకు రాజు అవసరం లేకపోయిందని స్పష్టమవుతుంది.

శాస్త్రగ్రంథాల సాక్ష్యం కూడా ఈ దిశలోనే ఉంది. కార్ల్ లినేయస్ 1753లో ప్రచురించిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’లో బోలీటస్ ప్రజాతికి చెందిన అనేక జాతులున్నాయి. వాటిలో ఒకదానికి ఆయన పెట్టిన పేరు ‘బోలీటస్ బొవైనస్’. అంటే పశువులకు సంబంధించినది. లినేయస్‌కు శిలీంధ్రాలపట్ల పెద్ద ఆదరం లేదు. ఆ వర్గమంతా గందరగోళమని, జాతి ఏదో భేదం ఏదో తెలియడం లేదని ఆయన భావించాడు. ఈ గొట్టాల పుట్టగొడుగులు 18వ శతాబ్దిలో స్వీడన్‌కు కొత్తవి కావు. లోపించింది వాటి ఉనికి కాదు, వాటికి భోజనాల బల్లమీద గౌరవం.

4. పేరిచ్చిన రాజు:
కార్ల్ యూహాన్ అసలుపేరు జాన్ బాప్టిస్ట్ బెర్నడోట్. 1763 జనవరి 26న ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలోని పో పట్టణంలో, న్యాయవాద వృత్తిలో ఉన్న కుటుంబంలో జన్మించాడు. 1780లో సామాన్య సైనికుడిగా చేరి, ఫ్రెంచి విప్లవకాలంలో వేగంగా ఎదిగి, 1804లో నెపోలియన్ చేతుల మీదుగా మార్షల్ పదవి పొందాడు. 1809లో స్వీడన్ ఫిన్‌లాండ్‌ను రష్యాకు కోల్పోయింది. అదే ఏడాది నాల్గవ గుస్తావ్ అడాల్ఫ్ పదవీచ్యుతుడయ్యాడు. సింహాసనమెక్కిన పదమూడవ కార్ల్‌కు వారసుడు లేడు. ఈ పరిస్థితిలో 1810 ఆగస్టు 21న ఓరెబ్రో పట్టణంలో సమావేశమైన స్వీడన్ ప్రతినిధిసభ బెర్నడోట్‌ను యువరాజుగా ఎన్నుకొంది. 1818లో రాజై 1844 మార్చి 8న మరణించేవరకు ఆయన పాలించాడు. ఆయన వంశమే నేటికీ స్వీడన్ సింహాసనంపై ఉంది.

పదచరిత్ర దృష్ట్యా ఆయన జన్మస్థలం ముఖ్యమైనది. పో పట్టణం బేర్న్ ప్రాంతానికి చెందినది. అక్కడి మాతృభాష గాస్కన్ భాషలోని ఒక మాండలికం. ఈ పుట్టగొడుగును ఫ్రెంచివారు ‘సెప్’ అంటారు. ఫ్రెంచి ఈ పదాన్ని గ్రహించింది గాస్కన్ నుండే. గాస్కన్‌లో ‘సెప్’ అంటే చెట్టు మొదలు. దానికి లాటిన్‌లో గుంజ, స్తంభం అనే అర్థమున్న ‘కిప్పుస్’ మూలం. పుట్టగొడుగు లావుపాటి కాడను చూసి పెట్టిన పేరది. అంటే బెర్నడోట్ పుట్టిన ప్రాంతపు మాటే ఫ్రాన్స్ అంతటికీ ఈ పుట్టగొడుగు పేరైంది. నైరుతి ఫ్రాన్స్‌లో అది ఇష్టమైన ఆహారం.

ఆ ప్రాంతం వాడైన రాజు ద్వారా ఈ పుట్టగొడుగుకు స్వీడన్‌లో ప్రచారం లభించినప్పుడు గాస్కన్ పదం కూడా వెంట రావలసింది. పదాలు వస్తువులతో కలిసి ప్రయాణించడం ఆదానప్రక్రియలో సాధారణ సూత్రం. స్వీడిష్ ఫ్రెంచి పదాలను ధారాళంగా స్వీకరించిన కాలం కూడా అదే. మూడవ గుస్తావ్ (1771–1792) ఆస్థానంలో ఫ్రెంచి సంస్కృతి రాజ్యమేలింది. సాగు పుట్టగొడుగుకు స్వీడిష్ పేరైన ‘షాంపిన్యూన్’ ఫ్రెంచి నుండి వచ్చినదే. అయినప్పటికీ ‘సెప్’ స్వీడిష్‌లో స్థిరపడలేదు. రాజు తన మాటను ఇవ్వలేదు. జనం ఆయన పేరును తీసుకొన్నారు. స్వీడిష్ భాషపై ఎన్నడూ పట్టు సాధించని ఈ రాజు ఆ భాషకు ఒక పదంగా మిగలడం చరిత్రలోని ఒక విచిత్రం.

5. రాజు నాటాడన్న ఐతిహ్యం – పరిశీలన:
స్టాక్‌హోమ్‌లోని యూర్‌గోర్డెన్ ద్వీపంలో 1823–1827 మధ్య కార్ల్ యూహాన్ రోసెన్‌డాల్ అనే వేసవి ప్రాసాదాన్ని నిర్మించాడు. దాని చుట్టూ ఆయన ఈ పుట్టగొడుగును పెంచే ప్రయత్నం చేశాడని సంప్రదాయం చెబుతుంది. ఇక్కడ రెండు అంశాలను విడదీసి చూడాలి. రాజు దీనిని ఇష్టపడి, తిని, ప్రచారం చేశాడన్నది ఒకటి. ఆయనే దీన్ని దేశానికి తెచ్చాడన్నది రెండవది. మొదటిది ఆయన జన్మప్రాంతపు ఆహారపుటలవాట్లకు పూర్తిగా పొసుగుతుంది. రెండవది పొసగదు.

బోలీటస్ ఎడ్యులిస్ సజీవమైన చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం. స్ప్రూస్, పైన్, ఓక్, బీచ్ వంటి చెట్ల వేళ్లను దాని సన్నని పోగులు తొడుగులా చుట్టుకొని, నీటినీ ఖనిజలవణాలనూ అందించి, చెట్టునుండి చక్కెరలు పొందుతాయి. ఈ సహజీవన సంబంధానికి ‘మైకోరైజా’ అన్న పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్. అది 1885లో, అంటే రాజు మరణించిన 41 ఏళ్లకు. ఎరువుపై, గడ్డిపై పెంచే పుట్టగొడుగుల్లాగా దీన్ని వాణిజ్యస్థాయిలో సాగుచేయడం నేటికీ సాధ్యపడలేదు. మార్కెట్లలో అమ్మేదంతా అడవిలో ఏరినదే. రోసెన్‌డాల్ తోటలో రాజు ఏ ప్రయత్నం చేసినా, దానివల్ల దేశమంతటా ఈ పుట్టగొడుగు వ్యాపించిందనడం ప్రకృతి విరుద్ధం. పైగా దాని ఆశ్రయవృక్షాలైన స్ప్రూస్, పైన్ చెట్లే స్వీడన్ అడవుల్లో అధికం.

అయితే ఐతిహ్యాన్ని పూర్తిగా తోసిపుచ్చడమూ సరికాదు. ‘తెచ్చాడు’, ‘నాటాడు’ అన్న క్రియలు నిజానికి ‘అంగీకారయోగ్యం చేశాడు’ అన్న భావానికి కథారూపాలు. ఒక పదార్థం ఆహారమవడం అన్న నెమ్మదైన సామాజిక మార్పును ప్రజాస్మృతి ఒక వ్యక్తి చేసిన ఒక్క పనిగా కుదిస్తుంది. ఐతిహ్యం చెప్పే విషయం అబద్ధమైనా, అది గుర్తుంచుకొన్న మార్పు నిజం.

6. ఇతర భాషల నామాలు – తులనాత్మక పరిశీలన:
ఐరోపా భాషల్లో ఈ పుట్టగొడుగు పేర్లను పరిశీలిస్తే స్వీడిష్ పదం ప్రత్యేకత తేటపడుతుంది. జర్మన్ పేరు రాతిని, ఫ్రెంచి పేరు చెట్టు మొదలును చెబుతాయి. ఇటాలియన్‌లో ‘పోర్చీనో’ అంటే పందిపిల్లకు సంబంధించినది. రోమనులు కూడా కొన్ని పుట్టగొడుగులను పంది పేరుతోనే ‘సుయిల్లుస్’ అని వ్యవహరించారు. డచ్ వారు ‘ఉడుత రొట్టె’ అంటారు. ఇంగ్లీషులో ‘పెన్నీ బన్’ అన్న పేరు టోపీ రంగునూ ఆకారాన్నీ ఒక పెన్నీకి దొరికే గుండ్రటి రొట్టెతో పోలుస్తుంది. రష్యన్‌లో దీనిని ‘తెల్ల పుట్టగొడుగు’ అని పిలుస్తారు. ఫిన్నిష్ పేరు దీని రుచిని కీర్తిస్తుంది.

వీటిలో కొన్ని జంతువుల పేర్లతో ముడిపడినవి. తెలుగులో ‘కుక్కగొడుగు’ అన్న మాటలోనూ జంతునామమే పూర్వపదం. మనిషి తినదగినదానికీ పశువులకు వదిలేసినదానికీ మధ్య గీత గీయడానికి జంతునామాలను వాడడం అనేక భాషల్లో ఉంది. లినేయస్ ‘బొవైనస్’ కూడా ఆ కోవలోదే. ఈ నేపథ్యంలో పశువుల పేర్లు మోసిన పుట్టగొడుగుల వర్గానికి చెందిన ఒకటి రాజు పేరు పొందడం అర్థోత్కర్షకు పరాకాష్ఠ. రాచరికంతో పుట్టగొడుగుకు పేరు ముడిపడడం ఇది మొదటిసారి కాదు. దక్షిణ ఐరోపాలో రోమన్ చక్రవర్తుల పేరుతో ‘సీజరు పుట్టగొడుగు’ ఉంది. అయితే అది ఒక పదవి గౌరవాన్ని సూచించేది. స్వీడిష్ పదం ఒక నిర్దిష్టవ్యక్తిని సూచించేది.

పొరుగు దేశాల వ్యవహారం మరింత ఆలోచనీయం. 1814 జనవరిలో కుదిరిన కీల్ ఒప్పందం ప్రకారం డెన్మార్క్ నార్వేను వదులుకొంది. ఆ ఏడాదే నార్వే స్వీడన్‌తో ఒకే రాజు కింద కలిసింది. ఆ యూనియన్ 1905 వరకు సాగింది. నార్వేకు కూడా కార్ల్ యూహాన్ రాజే. రాజధాని ఓస్లోలో ప్రధానవీథి నేటికీ ఆయన పేరుతోనే ఉంది. అయినా నార్వేజియన్‌లో పుట్టగొడుగుకు ప్రధాన వ్యవహారనామం ‘స్టేయ్న్‌సొప్’గానే ఉంది. ఆయన ఏలని, పైగా ఆయనవల్ల నార్వేను కోల్పోయిన డెన్మార్క్‌లో మాత్రం ‘కార్ల్ యోహాన్’ అన్న పేరు వంటింటి భాషలో స్థిరపడింది. రాజ్యాధికారమే పేరును వ్యాపింపజేస్తుందనుకొంటే దీనికి విరుద్ధంగా జరిగి ఉండాలి. పదం ప్రయాణించింది రాజశాసనం వెంట కాదు, వంటల వెంట అని దీనివల్ల ఊహించవచ్చు.

7. ‘కాంతరెల్’తో పోలిక:
స్వీడన్‌లో ఇంతే ప్రసిద్ధమైన మరొక అడవి పుట్టగొడుగు పసుపురంగు ‘కాంతరెల్’. దీని పదచరిత్ర వేరొక మార్గాన్ని చూపుతుంది. గ్రీకులో ‘కాంథరోస్’ అంటే రెండు చేతిపిడులున్న పానపాత్ర. అది లాటిన్‌లో ‘కాంథరుస్’ అయి, అల్పార్థక ప్రత్యయం చేరి ‘చిన్నగిన్నె’ అన్న అర్థంలో పుట్టగొడుగు పేరై, ఫ్రెంచి ‘షాంతరెల్’ ద్వారా స్వీడిష్‌కు చేరింది. ఫ్రెంచిలో ‘షాంతరెల్’ అంటే తంత్రీవాద్యంలో అతి సన్నని తీగ అని మరొక అర్థముంది. అది ‘పాడు’ అనే క్రియనుండి వచ్చిన వేరే పదం. రూపసామ్యాన్ని బట్టి రెండింటినీ కలిపితే అది లోకనిరుక్తి అవుతుంది.

కాంతరెల్ పేరు పండితుల లాటిన్ ద్వారా వచ్చింది. కార్ల్‌యూహాన్ పేరు రాజాస్థానం ప్రతిష్ఠ ద్వారా వచ్చింది. రెండూ గ్రామీణుల నోట పుట్టిన పేర్లు కావు. స్వీడన్‌లో అత్యంత ఆదరణ గల రెండు అడవి పుట్టగొడుగుల పేర్లూ పైతరగతులనుండి కిందికి దిగినవి కావడం యాదృచ్ఛికమని అనుకోలేం. 19వ శతాబ్దికి ముందు స్వీడన్ రైతుకుటుంబాల్లో పుట్టగొడుగులు తినే అలవాటు అంతగా లేదు. పుట్టగొడుగులను ప్రేమించే జాతులు, వాటికి జంకే జాతులు అని వాసన్ దంపతులు 1957లో ప్రతిపాదించిన విభజన ప్రసిద్ధమైనది. కానీ స్వీడన్ ఉదాహరణ ఆ వైఖరి జాతిసహజం కాదని, కాలక్రమంలో మారగలదని చూపుతుంది.

8. రాజనామం నుండి ప్రజాపదానికి:
ఈ మార్పులో ప్రధానపాత్ర వహించినవాడు ఎలియాస్ ఫ్రీస్. 1794లో స్మోలాండ్ ప్రాంతంలోని ఫెమ్‌షో గ్రామంలో జన్మించి, 1821–1832 మధ్య వెలువడిన ‘సిస్టెమా మైకాలజికమ్’ గ్రంథంతో శిలీంధ్రశాస్త్రానికి పునాది వేశాడు. లినేయస్ గందరగోళమన్న వర్గానికి క్రమాన్ని ఇచ్చినవాడు ఆయనే. 1860వ దశకంలో ఆయన స్వీడన్‌లోని తినదగిన, విషపూరితమైన పుట్టగొడుగులపై రంగుల చిత్రపటాలతో స్వీడిష్‌లో గ్రంథం వెలువరించాడు. లాటిన్ తెలియని పాఠకులకు జ్ఞానం చేర్చే ప్రయత్నమది. అది వెలువడిన కొద్దికాలానికే, 1867 నుండి, స్వీడన్‌ను తీవ్రమైన కరువు పీడించింది. పిండిలో లైకెన్లు కలిపి రొట్టె చేసుకొమ్మని అధికారులు ప్రచారం చేసిన రోజులవి. పక్కనే అడవిలో ఆహారముండగా దాన్ని గుర్తించలేకపోవడం ఎంత నష్టమో అప్పుడు తెలిసివచ్చింది. ఏది తినవచ్చో చెప్పే పేరు కేవలం భాషావిశేషం కాదు, అది ప్రాణావసరం.

ఈ సందర్భంలో ‘కార్ల్‌యూహాన్’ అన్న పేరు చేసిన పనిని అర్థం చేసుకోవాలి. పుట్టగొడుగును అనుమానించే సమాజంలో ‘ఇది రాజు తిన్నది’ అన్న సమాచారం పేరులోనే ఇమిడి ఉంది. ‘రాతి సొప్’ అన్న పేరు వస్తువును వర్ణిస్తుంది. ‘కార్ల్‌యూహాన్’ అన్న పేరు దానికి హామీ ఇస్తుంది. వర్ణనకంటే హామీ బలమైనది కావడంవల్ల కొత్తపేరు పాతపేరును వాడుకలో వెనక్కు నెట్టగలిగింది. అదే కాలపు గృహోపకరణాల, అలంకరణల శైలిని కూడా స్వీడన్‌లో ‘కార్ల్ యూహాన్ శైలి’ అనడం ఆ పేరుకున్న ప్రతిష్ఠను సూచిస్తుంది.

20వ శతాబ్దిలో పుట్టగొడుగులు ఏరడం స్వీడన్‌లో అన్ని వర్గాల అలవాటైంది. ఇతరుల భూమిలోనైనా నష్టం కలిగించకుండా తిరుగుతూ పండ్లు, పుట్టగొడుగులు ఏరుకొనే హక్కు అక్కడి ప్రజలందరికీ ఉంది. ‘అల్లెమాన్స్‌రెట్’ అనే ఈ సంప్రదాయానికి 1994లో రాజ్యాంగంలో చోటు దక్కింది. రాజు పేరు మోసే పుట్టగొడుగు ఎవరైనా ఏరుకోగల ఉమ్మడి సొత్తు అయింది. నేడు ఆ పదం పలికేవారికి రాజు గుర్తుకురావడం అరుదు. వ్యక్తినామమూలక పదం జాతివాచకంగా పరిణతి చెందిందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

9. ఉపసంహారం:
ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

1. ‘కార్ల్‌యూహాన్’ పదానికి పూర్వావధి 1810. కానీ ఆ పదం సూచించే పుట్టగొడుగుకూ, దాని దేశ్యనామానికీ ఉనికి రాజుపై ఆధారపడినది కాదు.

2. రాజు దీన్ని దేశానికి తెచ్చాడన్న కథ శిలీంధ్రజీవనవిధానానికి విరుద్ధం. ఆహారంగా దానికి గౌరవం తెచ్చాడన్నది మాత్రం సంభావ్యం.

3. గాస్కన్ పదం ‘సెప్’ రాకపోవడం, నార్వేలో రాజనామం ప్రధానం కాకపోవడం, డెన్మార్క్‌లో స్థిరపడడం అనే మూడింటినీ కలిపి చూస్తే, పదవ్యాప్తికి రాజకీయాధికారం కంటే భోజనసంస్కృతి ముఖ్యకారణమని తెలుస్తుంది.

4. వ్యక్తినామమూలక పదం ఒక ఆవిష్కరణకు రుజువు కాదు. అది ఒక గుర్తింపుకు రుజువు మాత్రమే.

ఈ చివరి అంశం స్వీడిష్‌కే పరిమితం కాదు. ఏ భాషలోనైనా గొప్పవారి పేరుతో ఉన్న వస్తువు కనిపించినప్పుడు, ఆ పేరుకు ముందు దానికి ఉన్న పేరేమిటని అడగడం పదచరిత్రకారుడి మొదటి కర్తవ్యం. కొత్తపేరు రాజును చెబుతుంది. పాతపేరు ఆ వస్తువును మొదట చూసి, తాకి, గట్టిగా ఉందని గుర్తించిన అనామకులను చెబుతుంది. రెండూ చరిత్రే. ‘కార్ల్‌యూహాన్’ పక్కన ‘స్టేన్‌సొప్’ ఇంకా బతికి ఉండడంవల్లనే ఈ చరిత్రను రెండువైపులనుండీ చదవడం సాధ్యమైంది.